పదిహేను నిమిషాలకోసారి

పోయిన డిసెంబర్‌లో మా అమ్మమ్మకి గుండె ఆపరేషన్ అయింది. మైట్రల్ వాల్వ్ మార్చారు. చిన్నతనంలో వచ్చిన కీళ్ళ జ్వరం ఆ వాల్వ్‌ని ఎప్పుడో పాడుచేసి వదిలేస్తే, అరవై దాటాక ఆయాసం రూపంలో బయటపడింది. ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఒక అక్క మా అందర్నీ కూర్చోబెట్టి రేపు ఏం జరుగుతుందో చెప్పింది. ఆవిడ సర్జన్ కాదు, నర్సూ కాదు, పెర్‌ఫ్యూజనిస్ట్. ఆ మాట వినడం నాకు అదే మొదలు. గుండెని ఆపి లోపల పని చేసినంతసేపూ గుండె పనీ, ఊపిరితిత్తుల పనీ చేసే మెషీన్ ఒకటి ఉంటుంది. దాన్ని నడిపేది ఆవిడ.

నేను ఊరుకుంటానా? కరోనా టైమ్‌లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్ ఎలా పనిచేస్తుందో నాకు తెలుసు. వేలిలోంచి ఎరుపు కాంతి, ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపి, రక్తం ఏది ఎంత పీల్చుకుందో చూసి ఆక్సిజన్ శాతం లెక్కేస్తుంది. ఫస్ట్ ఇయర్‌లో ఆర్డువినోతో ఒకటి చేసి ఎక్స్‌పోలో పెట్టాం కూడా. అందుకని, రేపంతా ఆ క్లిప్ చూపించే నంబర్ చూస్తూ కూర్చుంటారా అని అడిగాను. అక్క నవ్వింది. మెషీన్ మీద ఉన్నంతసేపూ ఆ క్లిప్‌కి ఏమీ కనపడదంది. పల్స్ ఆక్సీమీటర్‌కి పల్స్ కావాలి. గుండె ఆగిపోయాక నాడి ఎక్కడిది? పంపు రక్తాన్ని కొళాయి నీళ్ళలా దాదాపు ఒకే ధారగా తోస్తుంది. స్క్రీన్ మీద గీత తిన్నగా పడుకుంటుంది, మనిషి మాత్రం బతికే ఉంటారు.

మరి బతికున్నట్టు ఎలా తెలుస్తుంది? ఒంట్లోంచి మెషీన్‌కి తిరిగొచ్చే నల్లటి రక్తంలో ఇంకా ఎంత ఆక్సిజన్ మిగిలి ఉందో చూస్తారు. అది 65, 70 శాతం కంటే తగ్గిపోతుంటే, లోపల ఒళ్ళు ఆకలితో ఉందని అర్థం. నిమిషానికి ఎన్ని లీటర్లు పంపుతున్నారో చూస్తారు. ఒంటి వైశాల్యంలో ఒక్కో చదరపు మీటరుకి సుమారు 2.4 లీటర్లు. అమ్మమ్మది ఒకటిన్నర చదరపు మీటర్లు అనుకుంటే 3.6 లీటర్లు. రక్తపోటు, ఉష్ణోగ్రత, రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతోంది, కొన్నిచోట్ల నుదుటి మీద అంటించిన స్టికర్ల ద్వారా మెదడుకి ఆక్సిజన్ ఎంత అందుతోంది, ఇవన్నీ ఒక చార్ట్‌లో ఎప్పటికప్పుడు ఎక్కించాలి. అక్క ఇదంతా ఉల్లిపాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ రాత్రి వార్డు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నిద్ర పట్టక, అసలీ మెషీన్ ఎవరు కనిపెట్టారో ఫోన్‌లో వెతికాను. జాన్ గిబ్బన్ అని వచ్చింది. తర్వాత నెలల్లో దొరికిందల్లా చదివాను. మన మ్యాగజైన్‌కి ఏదైనా రాయమంటే వేరే టాపిక్ తోచలేదు. ఇంగ్లిష్ మీడియం వాణ్ణి, ఒత్తులు తప్పితే ఎడిటర్‌ని తిట్టండి.

జాన్ హేషమ్ గిబ్బన్ 1903 సెప్టెంబర్ 29న అమెరికాలో, ఫిలడెల్ఫియాలో పుట్టాడు. స్నేహితులకి జాక్. వాళ్ళ నాన్న సర్జన్, తాత డాక్టర్, అంతకు ముందు తరాలవాళ్ళూ డాక్టర్లే. మన దగ్గర కూడా ఇలాంటి ఇళ్ళుంటాయి కదా, పుట్టిన పిల్లాడి మెడలో స్టెతస్కోప్ వేసి ఫొటో తీస్తారు. జాక్ 16 ఏళ్ళకే ప్రిన్స్‌టన్‌లో చేరి 1923లో డిగ్రీ పుచ్చుకున్నాడు. అంటే అప్పటికి 19 ఏళ్ళు, సరిగ్గా ఇప్పుడు నా వయసు. నాకింకా డేటా స్ట్రక్చర్స్ బ్యాక్‌లాగ్ ఉంది, అది వేరే సంగతి.

అక్కణ్ణుంచి జెఫర్సన్ మెడికల్ కాలేజీకి వెళ్ళాడు. వెళ్ళిన కొత్తలోనే, ఇదంతా నా వల్ల కాదు, నేను రచయితనవుతాను అని తీర్మానించుకున్నాడు. ఇంట్లో చెప్పాడు కూడా. వాళ్ళ నాన్న అరవలేదు. డాక్టర్ డిగ్రీ చేతిలో ఉన్నంత మాత్రాన నువ్వు రాసే రాతేమీ చెడిపోదు, ముందు అది పూర్తి చేసి తర్వాత నీ ఇష్టం అన్నాడట. జాక్ పూర్తి చేశాడు, 1927లో ఎం.డి. చేతికొచ్చింది. రచయిత మాత్రం కాలేదు. ఈ చోట నేను చాలాసేపు ఆగాను. మన క్లబ్బులో ఉన్న సగం మందికి ఇంట్లో ఇదే సలహా ఇచ్చారు. మనవాళ్ళు ఇంకొంచెం గట్టిగా ఇస్తారంతే.

హౌస్ సర్జన్సీ అయ్యాక 1930లో రీసెర్చ్ కోసం బోస్టన్ వెళ్ళాడు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో ఎడ్వర్డ్ చర్చిల్ అనే సర్జన్ దగ్గర చేరాడు. ఇక్కడే ఆ రాత్రి వస్తుంది.

53 ఏళ్ళ ఆవిడ. రెండు వారాల ముందు పిత్తాశయం తీసే ఆపరేషన్ అయింది, అది బాగానే జరిగింది. ఇంతలో ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం. కాలి సిరల్లో ఎక్కడో గడ్డకట్టిన రక్తం ఊడి కొట్టుకొచ్చి, గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్ళే పెద్ద నాళంలో ఇరుక్కుంది. గడ్డని తియ్యాలంటే ఛాతీ తెరిచి, ఆ నాళాన్ని కోసి, లాగేసి, నిమిషాల్లో మూసెయ్యాలి. ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ చూపిన ఆపరేషన్ అది. అమెరికాలో అది చేయించుకుని బతికినవాళ్ళు అప్పటికి ఒక్కరూ లేరు. అందుకని చర్చిల్ దాన్ని చివరి క్షణం దాకా వాయిదా వేశాడు. ఆవిణ్ణి ఆపరేషన్ థియేటర్‌లోనే ఉంచి, పక్కన కూర్చుని నాడి, శ్వాస, రక్తపోటు పదిహేను నిమిషాలకోసారి చూసి రాయమని గిబ్బన్‌కి చెప్పాడు.

పదిహేడు గంటలు రాశాడు. గంటకి నాలుగుసార్లు చొప్పున మీరే లెక్కేసుకోండి. రాత్రి గడిచేకొద్దీ ఆవిడ సిరలు ఉబ్బుతున్నాయి, రక్తం నల్లబడుతోంది, మొహం నీలంగా మారుతోంది. చేతిలో పెన్సిల్ తప్ప ఏమీ లేదు. అప్పుడు అతనికి తోచిన ఆలోచన చాలా సింపుల్. ఉబ్బిన సిరల్లోంచి ఈ నల్లటి రక్తాన్ని కొంచెం కొంచెంగా బయటికి తీసి, దాన్లోకి ఆక్సిజన్ ఎక్కించి, కార్బన్ డయాక్సైడ్ పోనిచ్చి, ఎర్రబడ్డాక మళ్ళీ ధమనిలోకి పంపితే? అడ్డం ఉన్న చోటుని చుట్టి వెళ్ళే దారి. మనం నెట్‌వర్క్స్‌లో ఒక నోడ్ పడిపోతే ట్రాఫిక్‌ని మళ్ళిస్తామే, అదే.

పొద్దున్న ఎనిమిదింటికి రక్తపోటు అందకుండా పోయింది. చర్చిల్ ఆరున్నర నిమిషాల్లో ఛాతీ తెరిచి గడ్డ తీసి నాళం మూసేశాడు. ఆరున్నర నిమిషాలంటే గొప్ప వేగం. ఆవిడ బతకలేదు.

చాలామందికి ఇలాంటి ఆలోచన వచ్చి, నిద్ర లేచాక పోతుంది. గిబ్బన్‌కి పోలేదు. అదే చర్చిల్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా మేరీ హాప్కిన్‌సన్ అనే అమ్మాయి పనిచేసేది. అందరూ మేలీ అనేవాళ్ళు. వాళ్ళ నాన్న పేరున్న చిత్రకారుడు. 1931లో జాక్, మేలీ పెళ్ళి చేసుకుని ఫిలడెల్ఫియా వచ్చేశారు. ఇక్కణ్ణుంచి ఈ కథలో గిబ్బన్ అన్న చోటల్లా ఇద్దరూ అని చదువుకోండి. చాలా వ్యాసాల్లో మేలీ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది, నాకు కోపం వచ్చింది.

ఫిలడెల్ఫియాలో యూజీన్ లాండిస్ అనే ఆయనతో కలిసి రక్తప్రసరణ మీద కొన్ని ప్రయోగాలు చేశాడు. 1932లో వచ్చిన ఒక పేపర్ నాకు భలే నచ్చింది. ముంజేతుల్ని గోరువెచ్చని నీళ్ళలో పెడితే కాళ్ళలో రక్తనాళాలు వెడల్పవుతాయని చూపించారు. చేతులు తడిస్తే కాళ్ళకి తెలుస్తుందన్నమాట. అయితే మెషీన్ ఆలోచన చెబితే మాత్రం చాలామంది పెద్దవాళ్ళు పెదవి విరిచారు. ప్రోత్సహించిన కొద్దిమందిలో లాండిస్ ఒకడు. చర్చిల్‌కీ పెద్ద నమ్మకం లేదు, అయినా 1934లో జాక్ మళ్ళీ ఒక ఏడాది బోస్టన్ వస్తానంటే ల్యాబ్‌లో చోటిచ్చాడు. మన గైడ్లలో కూడా ఈ రకం ఉంటారు, ప్రాజెక్ట్ నచ్చకపోయినా సంతకం పెడతారు. దేవుళ్ళు.

ఇప్పుడు సమస్య ఏంటో చూద్దాం. గుండె పని తేలిక. అది పంపు, బయట పంపు పెట్టొచ్చు. కష్టమంతా ఊపిరితిత్తులది. మన ఊపిరితిత్తుల లోపలి పొరల్ని విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తుంది. అంత పలుచగా పరుచుకోబట్టే, నిమిషానికి ఐదు లీటర్ల రక్తం అందులోంచి వెళుతూ ఆక్సిజన్ అందుకుంటోంది. రక్తంలోకి ఆక్సిజన్ బుడగలు ఊదితే సరిపోదా అంటే, నురగ వస్తుంది, బుడగ మెదడులోకి పోతే మనిషి పోవచ్చు. గిబ్బన్ దంపతులు నిలువుగా తిరిగే ఒక గొట్టం తీసుకున్నారు. దాని లోపలి గోడ మీద రక్తాన్ని పలుచటి పొరలా పారించి, చుట్టూ ఆక్సిజన్ నింపారు. పొర కిందికి జారేలోపు ఎర్రబడుతుంది. అడుగున పోగైన రక్తాన్ని పంపు మళ్ళీ శరీరంలోకి పంపుతుంది. బయట రక్తం గడ్డకట్టకుండా హెపారిన్. అది ఆ కాలానికి అందుబాటులోకి రావడం వీళ్ళ అదృష్టం. అది లేకపోతే ఈ కథే లేదు.

కొన్ని డాలర్లకి సెకండ్‌హ్యాండ్ ఎయిర్ పంపు కొన్నారు. మిగతావి గాజు గొట్టాలు, రబ్బరు, అవీ ఇవీ అతికించి. ఇలాంటి మెషీన్ ఇవ్వగలిగే ఆక్సిజన్‌తో కుక్క కూడా బతకదు, అందుకని పిల్లులు. పిల్లులు సరిపోకపోతే జాక్ రాత్రిపూట చేప ముక్క ఎరగా పెట్టి, గోనెసంచి పట్టుకుని బోస్టన్ బీకన్ హిల్ వీధుల్లో తిరిగి వీధిపిల్లుల్ని పట్టుకొచ్చేవాడు. జంతుప్రేమికులు మన్నించాలి, నాకూ చదువుతుంటే కష్టంగానే ఉంది. మేలీ పొద్దున్నే వచ్చి అన్నీ సిద్ధం చేసేది. పిల్లికి మత్తివ్వడం, శ్వాసకి గొట్టం పెట్టడం, నాళాలు బయటికి తీయడం, ఇవన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం అయ్యేది. ప్రయోగం జరిగేది కాసేపే. ఆ తర్వాత రక్తం అంటిన ప్రతి గొట్టాన్నీ కడగాలి, మర్నాటికి. అలా నెలల తరబడి.

1935లో ఒక రోజు పిల్లి గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్ళే నాళాన్ని పూర్తిగా బిగించేశారు. అచ్చం ఆ రాత్రి ఆవిడకి జరిగినట్టే. మామూలుగా అయితే నిమిషాల్లో పోవాలి. పిల్లి రక్తపోటు నిలబడింది. మెషీన్ ఆ చిన్న ప్రాణాన్ని మోసింది. జాక్, మేలీ చేతులు పట్టుకుని ల్యాబ్‌లో గిరగిరా తిరిగి డాన్స్ చేశారట. తర్వాత జీవితంలో ఎన్ని సన్మానాలు జరిగినా ఆ రోజంత ఆనందం కలగలేదని ఆయన చెప్పుకున్నాడు. ఫలితాలు 1937లో అచ్చయ్యాయి.

తర్వాత యుద్ధం. గిబ్బన్ సైన్యంలో సర్జన్‌గా చేరాడు. మెషీన్ నాలుగేళ్ళు మూలన పడింది. 1946లో జెఫర్సన్‌కి ప్రొఫెసర్‌గా తిరిగొచ్చి దుమ్ము దులిపాడు.

ఇక్కడ మన సీఎస్ఈ వాళ్ళ కోసం కథ మలుపు తిరుగుతుంది. గిబ్బన్ క్లాసులో ఒక కుర్రాడికి ఇంటి బంధుత్వాల ద్వారా ఐబీఎమ్ అధిపతి థామస్ వాట్సన్ దాకా పరిచయం ఉంది. అప్పట్లో ఐబీఎమ్ అంటే ప్రధానంగా పంచ్ కార్డుల కంపెనీ. తొలి పెద్ద ఎలక్ట్రానిక్ కంప్యూటర్ 701ని వాళ్ళు ప్రకటించింది 1952లో. ఆ కుర్రాడి మాట సాయంతో గిబ్బన్ న్యూయార్క్ వెళ్ళి వాట్సన్‌ని కలిశాడు. దీన్లో నాకేమీ లాభం అక్కర్లేదు, మీక్కూడా ఉండదు, కాని ఇంజనీర్లు కావాలి అన్న పద్ధతిలో అడిగాడు. వాట్సన్ ఒప్పుకున్నాడు. ఖర్చూ ఐబీఎమ్‌దే, ఇంజనీర్లూ వాళ్ళే. గుస్తావ్ మాల్మ్రోస్ అనే ఇంజనీర్, ఆయనతోపాటు మరికొందరు ఏళ్ళ తరబడి దీని మీద పనిచేశారు. రెండో మోడల్ 1951లో జెఫర్సన్‌కి చేరింది. పెద్ద పియానో అంత ఉండేదని చెబుతారు.

ఇంజనీర్లు వచ్చాక మారింది సైజు ఒక్కటే కాదు. అంతకు ముందు డాక్టరు కన్నేసి ఉంచి చేత్తో తిప్పే పనుల్ని మెషీన్ తనంతట తానే చేసుకోవడం మొదలైంది. ఉదాహరణకి ఆక్సిజనేటర్ అడుగున రక్తం మట్టం. రోగి ఒంట్లోంచి వచ్చేది ఎక్కువై, తిరిగి వెళ్ళేది తక్కువైతే మనిషి రక్తమంతా మెషీన్‌లో చేరిపోతుంది. తారుమారైతే గుండె ఉబ్బిపోతుంది, మట్టం మరీ తగ్గితే పంపు గాలి మింగుతుంది. కాబట్టి మట్టాన్ని కనిపెట్టి పంపు వేగాన్ని సరిచేసే ఏర్పాటు పెట్టారు. రక్తం ఆమ్లత్వం కొలిచి దాన్ని బట్టి వాయువుని సరిచేసే ఏర్పాటు, వేడి తగ్గకుండా చూసే ఏర్పాటు. ఫీడ్‌బ్యాక్ లూప్ అని మనం పీపీటీలో బాణం గీసి వదిలేస్తామే, దాని అవతలి కొసన ప్రాణం ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆక్సిజనేటర్ కూడా మారింది. తిరిగే గొట్టాన్ని ఎంత పెద్దది చేసినా మనిషికి చాలదు. గిబ్బన్ దగ్గర పనిచేసే కుర్ర డాక్టర్లు ఒక విషయం పట్టుకున్నారు. నున్నటి గోడ మీద జారే రక్తంలో పైపొరే ఆక్సిజన్ తీసుకుంటుంది, లోపలిది అలాగే ఉంటుంది. దారిలో జల్లెడలాంటి తీగ వల అడ్డం పెడితే రక్తం కలియబడి అన్ని పొరలకీ ఆక్సిజన్ అందుతుంది, ఎన్నో రెట్లు ఎక్కువగా. అలా నిలబెట్టిన స్టీలు వలల వరస మీద రక్తం జారే ఆక్సిజనేటర్ తయారైంది. మొదట్లో ప్రయోగించిన కుక్కల్లో పదికి ఎనిమిది చచ్చిపోయేవి. ఒక్కో చావుకి కారణం వెతికి, చిన్న గడ్డలు, చిన్న బుడగలు పట్టే ఫిల్టర్లు పెట్టి, పంపులు మార్చి, చివరికి పదికి ఒకటి పోయే దాకా తెచ్చారు. మొదటి ఆలోచన వచ్చి అప్పటికి 20 ఏళ్ళు దాటింది.

1952లో మొదటి మనిషి. 15 నెలల పసిపాప. గుండె పై గదుల మధ్య గోడకి రంధ్రం ఉందనుకున్నారు. మెషీన్ తగిలించి గుండె తెరిచి చూస్తే రంధ్రం లేదు. పాప పోయింది. తర్వాత పరీక్షలో తేలిందేంటంటే అసలు లోపం గుండె బయట, రెండు పెద్ద నాళాల మధ్య మూసుకోకుండా మిగిలిపోయిన ఒక చిన్న దారిలో ఉంది. దాన్ని గుండె తెరవకుండా, ఈ మెషీన్ లేకుండానే ముడెయ్యొచ్చు. అలాంటి ఆపరేషన్ 1938 నుంచే జరుగుతోంది. తప్పు మెషీన్‌ది కాదు, ముందే పోల్చుకోవడంలో జరిగింది. ఈ పేరా రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

గుండెలో రంధ్రం ఉందో లేదో అప్పట్లో తేల్చుకునే గట్టి దారి కూడా ఆక్సిజనే. చేతి సిరలోంచి సన్నటి గొట్టాన్ని గుండెలోకి పోనిచ్చి గది గదిలో రక్తం తీసి కొలుస్తారు. కుడి పై గదిలోకి వచ్చేది ఆక్సిజన్ తక్కువున్న రక్తం. అక్కడ ఉన్నట్టుండి శాతం పెరిగితే, ఎడమ వైపు నుంచి ఎర్ర రక్తం ఎక్కణ్ణుంచో కారుతోందని, అంటే గోడకి రంధ్రం ఉందని లెక్క. స్కానింగులు లేని రోజుల్లో గోడ చూడకుండా గోడకి చిల్లు పట్టడం.

1953 మే 6. ఈసారి 18 ఏళ్ళ అమ్మాయి, కాలేజీ ఫస్ట్ ఇయర్. గుండె పై గదుల మధ్య రంధ్రం, ఆరు నెలల్లో మూడుసార్లు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. గిబ్బన్ చాకు పట్టుకుంటే, ఫ్రాంక్ ఆల్‌బ్రిటెన్ అనే సర్జన్ ఎదురుగా నిలబడ్డాడు, బెర్నార్డ్ మిల్లర్ మెషీన్ దగ్గర. మొత్తం 45 నిమిషాలు ఆమె మెషీన్‌కి తగిలించి ఉంది. అందులో 26 నిమిషాలు ఆమె గుండె, ఊపిరితిత్తులు ఒంటికి ఏ సాయమూ చెయ్యలేదు, ప్రాణమంతా మెషీన్ మీదే. మెదడు ఆక్సిజన్ లేకుండా ఓర్చుకునేది ఓ నాలుగు నిమిషాలు. ఇక్కడ 26.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. హెపారిన్ చాలక స్టీలు వలల మీద రక్తం పేరుకోవడం మొదలైంది. ఇన్నేళ్ళు కష్టపడి పెట్టుకున్న ఆటోమేటిక్ కంట్రోల్ పనికిరాకుండా పోయి, మిల్లర్ బృందం చేత్తో నడపాల్సి వచ్చింది. గిబ్బన్ మామూలు దారంతో కుట్టుకుంటూ పోయి రంధ్రం మూసేశాడు. మెషీన్ ఆపారు. ఆ అమ్మాయి గుండె తన పని తను అందుకుంది. రెండు నెలల తర్వాత మళ్ళీ గొట్టం పెట్టి ఆక్సిజన్ కొలిస్తే, కారడం లేదు. ఆమె ఆ తర్వాత నలభై ఏళ్ళకు పైగా బతికింది. మనిషి గుండెని తెరిచి, మెషీన్ మీద ఆ మనిషిని మోసి, లోపల బాగు చేసి బతికించడం లోకంలో అదే మొదటిసారి.

గిబ్బన్ దాన్ని ఒక ప్రాంతీయ పత్రికలో, మిన్నెసోటా వైద్యుల పత్రికలో, 1954లో మెల్లగా ప్రచురించాడు. మనమైతే థియేటర్ బయటికి రాకముందే స్టేటస్ పెట్టేవాళ్ళం.

కథ ఇక్కడితో ఆపేస్తే బాగుండు. చాలామంది ఆపేస్తారు కూడా. కాని జులైలో ఇంకో ఇద్దరికి ఆపరేషన్ చేశాడు. ఇద్దరూ ఐదేళ్ళ పాపలు. ఒక పాపకి మెషీన్ తగిలించక ముందే గుండె ఆగింది. గంటల తరబడి మెషీన్ మోసినా ఆ గుండె మళ్ళీ బరువెత్తుకోలేదు. ఇంకో పాపకి అనుకున్నదానికంటే ఎక్కువ లోపాలున్నాయి. తెరవగానే ఎర్ర రక్తం ఉప్పొంగి ఎక్కడ కుట్టాలో కనపడలేదు. ఇద్దరూ పోయారు.

మొత్తం నలుగురు. బతికింది ఒక్కరు. మన భాషలో చెప్పాలంటే 25 శాతం, ఏ మోడలైనా ఈ యాక్యురసీతో రివ్యూకి తీసుకెళితే మేడమ్ లోపలికి రానివ్వరు. గిబ్బన్ ఏడాది పాటు ఆ మెషీన్ వాడనని ప్రకటించాడు. ఆ ఏడాది అయిపోయింది. ఆయన మళ్ళీ ఎప్పుడూ గుండె తెరవలేదు. ఊపిరితిత్తుల ఆపరేషన్లు చేసుకున్నాడు, పాఠాలు చెప్పాడు, ఛాతీ శస్త్రచికిత్స మీద పెద్ద పుస్తకానికి సంపాదకత్వం వహించాడు. అంతే.

దీని గురించి నాకూ మా రూమ్మేట్‌కీ పెద్ద వాదన జరిగింది. వాడు అనేదేంటంటే, 23 ఏళ్ళు దీనికోసం బతికినవాడు ఇంకో నాలుగు కేసులు చూస్తే పోయేది, వదిలెయ్యడం పిరికితనం. నాకు అలా అనిపించట్లేదు. పిల్లులప్పుడు, కుక్కలప్పుడు ఆయన ఒక్కో చావుకి కారణం వెతికి ముందుకే వెళ్ళాడు, పదికి ఎనిమిది పోతున్నా ఆగలేదు. పాపల దగ్గరికొచ్చేసరికి ఆగాడు. అయితే మావాడి మాటలో కొంచెం నిజం ఉందని ఒప్పుకోవాలి. అందరూ అప్పుడే ఆగిపోయి ఉంటే పోయిన డిసెంబర్‌లో మా అమ్మమ్మ ఉండేది కాదు. ఈ రెండూ ఒకేసారి నిజం ఎలా అవుతాయో నాకింకా తెలియలేదు.

ఆయన ఆగాడు కాని దాచుకోలేదు. మెషీన్ డ్రాయింగులు మేయో క్లినిక్ వాళ్ళకిచ్చేశాడు. అక్కడ జాన్ కిర్క్లిన్ బృందం దాన్ని మార్చి, బాగుచేసి, 1955 మార్చిలో ఆపరేషన్లు మొదలుపెట్టింది. మొదటి ఎనిమిది మందిలో నలుగురు బతికారు. ఈలోగా మిన్నెసోటాలో వాల్టన్ లిల్లెహై 1954లో ఇంకో సాహసం చేశాడు. బిడ్డ రక్తనాళాల్ని తల్లిదండ్రుల్లో ఒకరి రక్తనాళాలకి కలిపి, అమ్మనో నాన్ననో మెషీన్‌గా వాడాడు. అది మరీ సినిమా కథలా ఉంటుంది, వచ్చే సంచికలో ఎవరైనా రాయండి. కొన్నేళ్ళలో మెషీన్లు చిన్నవయ్యాయి, చౌకయ్యాయి. ఇప్పుడు అక్క నడిపే దాన్లో స్టీలు వలలుండవు, జుట్టులాంటి సన్నటి ప్లాస్టిక్ గొట్టాల కట్ట ఉంటుంది. ఆక్సిజన్ గొట్టాల లోపల, రక్తం బయట. వాడి పారేస్తారు.

గిబ్బన్‌కి 1968లో లాస్కర్ అవార్డు వచ్చింది. అంతకు ముందు ఏడాదే రిటైరై, ఊరి బయట పొలంలో ఇల్లు చూసుకుని, బొమ్మలు వేసుకుంటూ గడిపాడు. 1973 ఫిబ్రవరి 5న టెన్నిస్ ఆడుతుండగా గుండెపోటు వచ్చి పోయాడు. 69 ఏళ్ళు.

అమ్మమ్మ ఇప్పుడు బాగానే ఉంది. రోజూ రక్తం పలచబడే మాత్ర, నెలకోసారి రక్త పరీక్ష. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఈ కథంతా చెప్పాను. ఐబీఎమ్ దగ్గర ఆవలించింది. పాపల దగ్గర మాత్రం పక్కకి తిరిగి ఏమీ మాట్లాడలేదు, కాసేపయ్యాక వాళ్ళ పేర్లేంటని అడిగింది. తెలియదన్నాను. తర్వాత మేలీకి పిల్లలెంతమంది అంది. నలుగురని చెప్పాను. పగలంతా ల్యాబ్‌లో, రాత్రంతా పిల్లుల వేటలో ఉంటే మరి ఆ పిల్లల్ని ఎవరు చూసుకునేవాళ్ళురా అని అడిగింది. అది ఏ వ్యాసంలోనూ లేదు. వెతుకుతున్నాను.